వడ్డన బల్ల పక్కన ఒక బొమ్మ

టాపు తీసేసిన కారు. సూటు, టోపీ వేసుకున్న ఒకాయన దర్జాగా నడుపుకుంటూ పోతున్నాడు. పక్క సీట్లో మనిషి లేడు గానీ, తెల్లటి గీతల్లో హిట్లర్ ఆకారం కూర్చుని ఉంది. 'ఒక్కడివే కారులో వెళ్తే హిట్లర్‌ని వెంటేసుకుని వెళ్తున్నట్టే' అని పెద్ద అక్షరాలు. అడుగున, ఇవాళే కార్ షేరింగ్ క్లబ్బులో చేరమని ఇంకో మాట. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, 1943లో అమెరికా ప్రభుత్వం కోసం వీమర్ పర్సెల్ వేసిన పోస్టర్ ఇది. మలయా, డచ్ ఇండీస్ జపాన్ చేతిలోకి పోవడంతో అమెరికాకు వచ్చే సహజ రబ్బరులో దాదాపు 90 శాతం ఆగిపోయింది. టైర్లు అరగకూడదు. అందుకే గంటకు 35 మైళ్లు దాటొద్దన్నారు, 1942 డిసెంబరు నుంచి దేశమంతా పెట్రోలుకు రేషన్ పెట్టారు.

మొన్న ఉగాది నాటి సాయంత్రం నుంచి ఈ పోస్టర్ నా బుర్రలో తిరుగుతోంది. ఇక్కడ అమెరికాలో మా ఊరి తెలుగు అసోసియేషన్ విందులో ఆ రోజు వంటింటి వైపు పని నాది. భోజనాలయ్యాక తొమ్మిది పెద్ద నల్ల సంచులు బయటికి మోశాం. దారిలో ఒకటి చినిగింది. ఒక్క ముక్క కొరికి వదిలేసిన బొబ్బట్లు, చెయ్యి పెట్టని పులిహోర, సాంబార్లో నాని ఉబ్బిన గారెలు కాంక్రీటు మీద పడ్డాయి. మా ఇంట్లో మెతుకు కింద పడితే కళ్లకద్దుకునేవాళ్లు. ఆ ఎంగిలి కుప్పను చేత్తో ఎత్తుతుంటే ఏడుపొచ్చింది. 'దయచేసి ఆహారం వృథా చేయకండి' అన్న కాగితం వడ్డన బల్ల పక్క స్తంభానికి అంటించే ఉంది.

ఆ కాగితం తీసేసి అక్కడ బొమ్మలు పెట్టాలని నా వాదన. యుద్ధకాలపు పొదుపు బొమ్మల్లాంటివి. అయితే వాటిలో ఏవి తీసుకోవాలో, ఏవి వదిలెయ్యాలో ముందు తేల్చుకోవాలి.

బ్రిటన్‌లో జాతీయ పొదుపు కమిటీ కోసం ఫిలిప్ బాయిడెల్ స్క్వాండర్ బగ్ అనే పురుగును పుట్టించాడు. మన మాటల్లో దుబారా పురుగు. ఒళ్లంతా బొచ్చు, కొమ్ములు, నాజీల స్వస్తిక గుర్తులు. బజారుకెళ్లిన మనిషి చెవి దగ్గర చేరి కొను కొను అని సతాయిస్తుంది. నాకు ఈ పురుగంటే ఇష్టం. తప్పు చేసిన మనిషిని వేలెత్తి చూపకుండా, ఆ మనిషిని పట్టిన పురుగును చూపించింది. పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది. కానీ అది ఎక్కువగా ఆడవాళ్ల చెవిలోనే గుసగుసలాడింది. ఇంటి ఖర్చంతా ఆడవాళ్ల దుబారానే అన్నట్టు చూపడం నాకు మింగుడుపడదు.

ఇంకో బొమ్మ దగ్గర ఇష్టమూ మిగలదు. మన పిల్లలు పుస్తకాల్లో ప్రేమగా చూసే డాక్టర్ స్యూస్, 1941 నుంచి 1943 దాకా పీఎం అనే న్యూయార్క్ పత్రికకు రాజకీయ కార్టూన్లు వేశాడు. యుద్ధ ఖర్చుకు ప్రభుత్వం అమ్మే బాండ్లు కొనమన్నాడు, దుబారా వద్దన్నాడు. అదే చేత్తో 1942 ఫిబ్రవరి 13న, పశ్చిమ తీరంలోని జపనీస్ అమెరికన్లు బారులు తీరి పేలుడు మందు పొట్లాలు అందుకుంటున్నట్టు గీశాడు. ఆరు రోజులకు అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఉత్తర్వు వచ్చింది. లక్ష మందికి పైగా ఇళ్లూ పొలాలూ వదిలి నిర్బంధ క్యాంపులకు పోవాల్సొచ్చింది. ఈ దేశంలో మనమూ ముఖం చూసి అనుమానించేవాళ్ల కంట పడే మనుషులమే. ఈ సంగతి మన పిల్లలకు చెప్పి తీరాలి.

న్యూయార్క్‌లోని నల్లజాతి పేట హార్లెమ్ చిత్రకారుడు చార్ల్స్ ఆల్‌స్టన్ బొమ్మలు మాత్రం ఇంట్లో పటం కట్టించుకోవాలనిపిస్తాయి. యుద్ధ సమాచార కార్యాలయం తరఫున నల్లజాతి పత్రికల కోసం ఆయన కార్టూన్లు వేశాడు. ఆ పాఠకుల పిల్లలు సైన్యంలో వేరే దళాల్లో ఉండాలి, దక్షిణాదిలో బస్సులో వెనక కూర్చోవాలి. అయినా బాండ్లు కొనాలి, వస్తువులు పొదుపుగా వాడాలి. 1942లో పిట్స్‌బర్గ్ కొరియర్ పత్రిక డబుల్ వీ ఉద్యమం ఎత్తుకుంది: బయటి శత్రువు మీద ఒక గెలుపు, ఇంట్లో వివక్ష మీద ఇంకో గెలుపు. పొదుపు చేస్తాం, మా వాటా మాకివ్వండి అని అడిగారు. న్యాయమైన మాట.

వాటా అన్న మాట దగ్గరే ఈ బొమ్మలు నిలబడతాయి, పడిపోతాయి. 1942లో అమెరికాలో చక్కెర రేషన్ మొదలైనప్పుడు మనిషికి వారానికి అర పౌను. లాయరుకీ అంతే, కూలీకీ అంతే. బడి పిల్లలు 25 సెంట్ల స్టాంపులు పుస్తకంలో అంటించేవాళ్లు. 75 నిండితే 18.75 డాలర్లు, ఒక బాండు. పదేళ్లకు 25 డాలర్లు చేతికొస్తాయి.

అదే యుద్ధం మన వైపు ఇంకోలా నడిచింది. మన పెద్దవాళ్లు రేషన్ షాపును కంట్రోలు షాపనే అంటారు, ఆ మాట ఆ రోజుల నాటి కంట్రోళ్ల నుంచి మిగిలిందే. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డాయి. బర్మా పోయి అక్కడి బియ్యం ఆగింది. 1943లో బెంగాల్ కరువులో సుమారు 30 లక్షల మంది పోయారని అంచనా. మిడ్నపూర్ ఊళ్లు తిరిగి ఆకలి బొమ్మలు గీసిన చిత్రకారుడు చిత్తప్రసాద్ పుస్తకం ప్రతులను బ్రిటిష్ ప్రభుత్వం పట్టుకుని తగలబెట్టింది. లండన్లో పొదుపు బొమ్మలు అచ్చువేసిందీ ఆ ప్రభుత్వమే. గింజ లేని ఇంటికి పొదుపు చెప్పే బొమ్మ ఎవరు గీయగలరు?

అందుకే, బొమ్మ పెట్టేముందు మన విందులో ఒక పద్ధతి మారాలి. స్పాన్సర్లకు, అతిథులకు పక్క గదిలో వేరే వడ్డన, వేరే రకాలు. నలభై నిమిషాలు లైన్లో నిల్చున్న పిల్లవాడికి మాత్రం వృథా చెయ్యకు అన్న నీతి. ఆ రోజు పక్క గదిలోంచి వచ్చిన సంచులు మూడు. మా అందరి కళ్ల ముందే మోశాం. పెద్దలకు కోపం వస్తే రానివ్వండి, ఇది అనకుండా ఉండలేను.

దీపావళికి అందరికీ ఒకటే లైను పెడదాం. మొదటి వడ్డన చిన్న గరిటెతో, కావాలంటే రెండోసారి, మూడోసారి. ముట్టని వంటకాలు డబ్బాల్లో సర్ది ఆ సాయంత్రమే దగ్గర్లో ఇల్లు లేనివాళ్లుండే షెల్టరుకు చేర్చడానికి, ముందే వాళ్లతో మాట్లాడి పెట్టుకుందాం. దుబారా పురుగును మన పిల్లలే గీస్తారు, ఏ జాతి ముఖమూ దానికి తగిలించకుండా. ఒకరు బొబ్బట్టు మీద కూర్చోబెడతారేమో, ఇంకొకరు పులిహోర కుప్పలోంచి మీసాలు బయటికి పెట్టిస్తారేమో. ఆ బొమ్మలు వడ్డన బల్ల పొడుగునా, పిల్లల కళ్లకు అందే ఎత్తులో అంటిద్దాం. డ్రాయింగు కాగితాలు, రంగులు నేను తెస్తాను. ఆదివారం తెలుగు తరగతి అయ్యాక ఒక గంట ఇవ్వమని టీచర్లను అడుగుతున్నాను.