పగడాల్ని తరలిస్తారు సరే, నీటిని ఎలా తరలిస్తారు?

అండమాన్ నికోబార్‌లోని గ్రేట్ నికోబార్ దీవిలో పోర్టు, ఎయిర్‌పోర్టు, టౌన్‌షిప్ కట్టే ప్రాజెక్టు మీద ఇప్పటికే బోలెడు చర్చ జరిగింది కాబట్టి షాంపెన్ తెగ, అడవి, వేల కోట్ల ఖర్చు గురించి మళ్ళీ మొదటి నుంచీ చెప్పను. నన్ను పట్టుకుని వదలనిది ఒక్క లెక్క. ఆ దీవిలోని గలతియా బే పోర్టు కోసం లెక్కపెట్టిన పగడాల కాలనీలు (ఒకదానికొకటి అతుక్కుని బతికే పగడాల గుంపులు) 20,668. వాటిలో 16,150 కాలనీల్ని తీసి వేరేచోట పెడతారట. మిగతా 4,518 సంగతేంటో ఎక్కడా లేదని 2023లో జాతీయ హరిత ట్రిబ్యునలే ఎత్తిచూపింది. నాకు మాత్రం, కాపాడతామంటున్న ఆ 16,150 గురించే ఎక్కువ భయంగా ఉంది.

పగడం రాయి కాదు, మొక్కా కాదు. ఉన్నచోటి నుంచి కదల్లేని జంతువు. తిండైనా, ఊపిరైనా దాని దగ్గరికే రావాలి. ఒంటి మీద పడ్డ మట్టిని ఎవరో ఒకరు కడిగిపెట్టాలి. ఇవన్నీ చేసేది కదిలే నీరే.

2021 ఫిబ్రవరి మంచు తుఫానుకి టెక్సాస్‌లో రోజుల తరబడి కరెంటు పోయింది గుర్తుందా? డాలస్‌లో ఉండే మా బాబాయి కొడుకు ఇంట్లో పగడాల అక్వేరియం ఉంది. లైట్లు లేకపోతే ఎలారా అని ఫోన్లో అడిగితే, "లైట్లు తర్వాత అన్నయ్యా, ముందు నీళ్ళు కదలాలి" అన్నాడు. బ్యాటరీ పంపు కూడా ఆగిపోయాక భార్యాభర్తలిద్దరూ వంతులేసుకుని రాత్రంతా చెంబుతో ట్యాంకులో నీళ్ళు ముంచి, పైనుంచి పోస్తూ కూర్చున్నారు. మొదట చచ్చిపోయినవి వెనక మూలన, చెంబు ధార అందని చోట ఉన్నవి.

పగడం ఒంటికి చాలా పల్చటి నీటి పొర ఒకటి అంటుకుని ఉంటుంది. పైన నీరు జోరుగా కదిలితే అది ఇంకా పల్చబడుతుంది, నిలిచిపోతే మందమవుతుంది. మందమైతే, పగలు పగడం లోపల బతికే శైవలాలు (నాచు జాతి సూక్ష్మజీవులు) తయారుచేసే ఆక్సిజన్ బయటికి పోలేక పేరుకుపోతుంది, రాత్రయ్యేసరికి అదే ఆక్సిజన్ కోసం అల్లాడాల్సి వస్తుంది. ఎండలు ముదిరి సముద్రం వేడెక్కినప్పుడు లోపల పేరుకున్న ఆక్సిజనే విషరూపం దాలుస్తుంది, పగడం తనకి తిండిపెట్టే శైవలాల్నే బయటికి నెట్టేసి తెల్లబడిపోతుంది. బ్లీచింగ్ అంటే ఇదే. 1998లో ఒకినావా దగ్గర పగడాలు కుప్పకూలినప్పుడు, నీరు జోరుగా పారే చోట ఉన్నవి ఎక్కువగా బతికాయని జపాన్‌లో పరిశోధించి చూపించారు. అదే ఏడాది దెబ్బతిన్న మన లక్షద్వీప్‌లో రుతుపవనాల అలలు నేరుగా తగిలే పడమటి పగడపు దిబ్బలు త్వరగా కోలుకున్నాయి, తూర్పువి బాగా వెనకబడ్డాయి. సముద్రం ఒకటే, దీవులూ అవే, తేడా నీటి కదలికలో ఉంది.

ఇంకో సంగతి. ఒకే జాతి పగడం అలలు బాదే చోట పొట్టిగా, గట్టిగా పెరుగుతుంది, నెమ్మదైన నీటిలో సన్నటి కొమ్మలు వేస్తుంది. అంటే ఆ చోటి నీరు ఏళ్ళ తరబడి చెక్కితే వచ్చిన ఆకారం అది! దాన్ని ఊడదీసి, సిమెంటు దిమ్మకి అతికించి, వేరే నీటిలో పెట్టి "తరలించాం" అనడం నాకు మింగుడుపడట్లేదు.

కచ్ సింధుశాఖలో చేశాం, ముంబై కోస్టల్ రోడ్డు కోసం చేశాం, బతికాయి కదా అంటారు. ముంబైలో కదిపినవి బురదనీటికి అలవాటుపడ్డ కొద్దిపాటి కాలనీలు. ఇక్కడివి పదహారు వేలు. నీరు బాగా పారినంత మాత్రాన వేడి నుంచి తప్పించుకోలేవన్నది కూడా నిజమే, 2024లో లక్షద్వీప్ దిబ్బలు మళ్ళీ తెల్లబడటం చూశాం. అలాంటప్పుడు ఉన్న ఒక్క ఆసరానీ తీసేస్తామా?

పోర్టు అంటే బ్రేక్‌వాటర్. దాని పనే అలల్ని ఆపడం. సముద్రంలో గోడ కడితే ఏమవుతుందో విశాఖ వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఔటర్ హార్బర్ కట్టాక ఉత్తరానికి నడవాల్సిన ఇసుక ఆగిపోయింది, ఆర్కే బీచ్ కోసుకుపోతోంది, డ్రెడ్జర్‌తో ఇసుక తెచ్చి పోస్తూనే ఉన్నాం. మన ప్రాజెక్టు రిపోర్టులన్నిటిలోనూ నాకు కనిపించే జబ్బు ఇదే. చెట్లెన్ని, ఇళ్ళెన్ని, పగడాలెన్ని అని తలలు లెక్కపెడతారు. వాటి మధ్య కదిలేదాన్ని, నీటిని, ఇసుకని, చేపల రాకపోకల్ని ఏ పట్టికలోనూ పెట్టరు. అందుకే నికోబార్ అడవికి బదులు హర్యానాలో మొక్కలు నాటుతామని రాయగలిగారు.

గలతియాలో ఇప్పుడు పగడాలున్న చోట, రేపు పెట్టబోయే చోట, నైరుతి కాలంలోనూ ఈశాన్య కాలంలోనూ నీరు ఎంత వేగంతో ఏ దిక్కుకి పారుతోందో ఏడాది పొడవునా కొలవండి. గోడ కట్టాక అవి ఎలా మారతాయో లెక్కగట్టి, అన్నీ పక్కపక్కన పెట్టి జనం ముందుంచండి. అప్పటిదాకా ఒక్క కాలనీ మీద కూడా ఉలి పెట్టొద్దు.