ఆర్డర్ల చిట్టా చదవడం రాని ఈమెయిళ్లు

నిరుడు ఒక ఆన్‌లైన్ దుకాణంలో మిక్సీ కొన్నాను. పెట్టె విప్పేసరికి చిన్న జారు పగిలి ఉంది. వెనక్కి పంపి, డబ్బు ఖాతాలో ఎప్పుడు పడుతుందా అని చూసుకుంటున్న రోజుల్లో అదే దుకాణం నుంచి ఈమెయిల్ వచ్చింది: ‘మీ కొత్త మిక్సీ ఎలా పనిచేస్తోంది?’ వారం తిరక్కుండానే ఇంకొకటి, దానికి సరిపోయే అదనపు జార్ల మీద తగ్గింపు అంటూ. నేను కొన్న సంగతి ఈమెయిల్ పంపే సాఫ్ట్‌వేర్‌కు తెలుసు. వాపసు చేసిన సంగతి మాత్రం దానిదాకా వెళ్లలేదు.

కొనుగోలు వివరాలను బట్టి ఈమెయిళ్లు వాటంతటవే వెళ్లే ఏర్పాటు పైకి చాలా తేలిక. షాపిఫై, వూకామర్స్ వంటి వేదికల మీద నడిచే దుకాణంలో ఆర్డరు పడగానే కొన్నవారి ఈమెయిల్, వస్తువు, ధర, తేదీ ఈమెయిళ్లు పంపే క్లావియో, మెయిల్‌చింప్ వంటి సాఫ్ట్‌వేర్‌కు చేరతాయి. అక్కడ ముందే రాసిపెట్టిన నియమాల ప్రకారం కృతజ్ఞతలు చెప్పడం, సమీక్ష అడగడం, కార్టులో వదిలేసిన సరుకును గుర్తుచేయడం, చాలాకాలంగా రానివారిని పలకరించడం జరిగిపోతాయి. ఎవరిని ముందు పలకరించాలో తేల్చే లెక్క మాత్రం ఇంటర్నెట్ కంటే పాతది. చివరిసారి ఎప్పుడు కొన్నారు, ఎన్నిసార్లు కొన్నారు, మొత్తం ఎంత ఖర్చుపెట్టారు అన్న ఈ మూడు ప్రశ్నలనే, నేడు ఆర్‌ఎఫ్‌ఎం అని పిలుస్తున్నవాటినే, అమెరికాలో పోస్టులో కేటలాగులు పంపి సరుకు అమ్మిన కంపెనీలు ఏనాడో వాడుకున్నాయి. ఈ వివరాలకు ఎంత విలువ ఉందో 2019 మార్చిలో బయటపడింది. కొనుగోలుదారుల సమాచారాన్ని పంచుకోవడంపై పేచీతో షాపిఫై, మెయిల్‌చింప్ విడిపోయాయి. తిరిగి కలిసింది 2021లో.

ఇంత విలువైన చిట్టాను చాలా దుకాణాలు పైపైనే చదువుతున్నాయన్నది నా ఫిర్యాదు. అమెరికాకు పచ్చళ్లు, పొడులు పంపే ఒక తెలుగు దుకాణాన్ని ఊహించుకుందాం. డాలస్ చిరునామాకు ఒకే ఆర్డరులో కిలో ఆవకాయ, పావుకిలో కందిపొడి, రెండు పెట్టెల పూతరేకులు వెళ్లాయి. నెల దాటగానే ‘మళ్లీ కొనండి’ అని గుర్తుచేసే నియమం కందిపొడికి నప్పుతుంది. ఇద్దరున్న ఇంట్లో పావుకిలో అంతకు మించి నిలవకపోవచ్చు. ఆవకాయ ఏడాది సరుకు. దాని ఊసెత్తవలసింది మళ్లీ కొత్త కాయ కోతకొచ్చే వేసవిలోనే. పూతరేకులు పండక్కి తెప్పించుకున్నవో, ఇంట్లో శుభకార్యానికి తెప్పించుకున్నవో తేదీని బట్టి కొంత ఊహించవచ్చు, అంతే. మనిషి ఒక్కరే, ఆర్డరు ఒక్కటే, గడువులు మాత్రం మూడు. ఒక వస్తువును రెండోసారి కొన్నవారందరి విషయంలో రెండు ఆర్డర్ల మధ్య ఎన్ని రోజులు గడిచాయో వరుసగా పేర్చి, నడుమనున్న అంకెను తీసుకుంటే దాని గడువు తేలుతుంది. సగటు తీస్తే మూడేళ్ల తర్వాత తిరిగొచ్చిన నలుగురు లెక్కను పాడుచేస్తారు. ఈ మాత్రానికి కృత్రిమ మేధ అక్కర్లేదు, ఎక్సెల్ షీటు చాలు.

మన దేశంలో ఇంకో చిక్కుంది. సరుకు అందాక డబ్బు కట్టే పద్ధతిలో ఆర్డరు పడినంతమాత్రాన అమ్మకం జరిగినట్టు కాదు. గుమ్మం దగ్గర వద్దన్న పార్సిల్, వ్యాపారుల మాటల్లో ‘ఆర్‌టీవో’ (రిటర్న్ టు ఆరిజిన్), తిరిగి గోదాముకే వస్తుంది. అందుకే సమీక్ష అడిగే ఈమెయిల్‌ను ఆర్డరు తేదీకి కాకుండా సరుకు చేతికందిన తేదీకి ముడిపెట్టాలి. ఫిర్యాదు తేలేవరకు ఆ మనిషికి ప్రచార ఈమెయిళ్లన్నీ ఆపాలి.

ఈమెయిళ్ల వల్ల ఎంత అమ్ముడైందో చెప్పే లెక్కలనూ నమ్మడం కష్టమే. 2021లో ఆపిల్ తన మెయిల్ యాప్‌లో తెచ్చిన గోప్యతా ఏర్పాటు తెరిచారనడానికి గుర్తుగా లెక్కించే, ఈమెయిల్‌లోని బొమ్మలను ముందుగానే దించేస్తుంది కాబట్టి, ఎవరూ చదవని ఈమెయిల్ కూడా తెరిచినట్టే నమోదవుతుంది. ఈమెయిల్ వెళ్లిన కొద్ది రోజుల్లో జరిగిన అమ్మకాన్ని సాఫ్ట్‌వేర్ తన ఖాతాలో రాసుకుంటుంది. ఎలాగూ మే నెలలో ఆవకాయ కొనే ఇల్లాలిని కూడా తానే రప్పించానంటుంది. పదిమందిలో ఒకరిని చీటీ తీసినట్టు ఎంచి, వారికి ఏమీ పంపకుండా ఉంచితే, రెండు వర్గాల కొనుగోళ్ల మధ్య తేడాలో అసలు ఫలితం కనబడుతుంది. ఈ పరీక్షకు సిద్ధపడే దుకాణదారులు అరుదు, వచ్చే అంకె చిన్నదవుతుందన్న భయంతో కాబోలు.

అనవసరపు ఈమెయిల్‌కు ఇప్పుడు ఖర్చు కూడా ఉంది. 2024 నుంచి జీమెయిల్, యాహూ పెద్ద సంఖ్యలో ఈమెయిళ్లు పంపేవారికి ఒక్క నొక్కుతో చందా రద్దుచేసుకునే వీలును తప్పనిసరి చేశాయి, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతం లోపే ఉండాలన్నాయి. వెయ్యిమందిలో ముగ్గురు విసుక్కుంటే చాలు, ప్రచారంతో పాటు ఆ దుకాణం పంపే బిల్లు, పార్సిల్ కబురు కూడా స్పామ్‌లో పడే ప్రమాదముంది. ఇక 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సమ్మతిని ఫలానా ప్రయోజనానికని ముడిపెట్టింది. పార్సిల్ సమాచారం కోసం ఇచ్చిన ఈమెయిల్‌ను ప్రచారానికి అనుమతిగా చదువుకోవడం దాని స్ఫూర్తికి విరుద్ధం.

చిట్టాలో అసలే లేనివి కొన్ని ఉంటాయి. విదేశంలో ఉన్న కొడుకు ఏటా తల్లికి మిఠాయిలు పంపుతాడు. ఒక ఏడాది ఆవిడ ఉండదు. ‘పోయినసారి ఇదే రోజున అమ్మకు పంపారు’ అన్న ఈమెయిల్ మాత్రం వేళకు వచ్చేస్తుంది. బ్రిటన్‌లో పూలు అమ్మే బ్లూమ్ అండ్ వైల్డ్ సంస్థ 2019లో మదర్స్ డేకు ముందు, ఆ సందర్భపు ఈమెయిళ్లు వద్దనుకునేవారు చెప్పమని కొనుగోలుదారులను అడిగింది. ఆ గడి ఏ ఆర్డర్ల పట్టికలోనూ లేదు. దుకాణమే అడిగి చేర్చుకుంది.