ముప్పై సెకన్ల ముచ్చట

డబ్ల్యూడబ్ల్యూఈ అనే అమెరికా కుస్తీ షోల కంపెనీలో ఆడవాళ్లు ఎదిగిపోవడం వల్ల అందరికన్నా ఎక్కువ నష్టపోయినవాడు మగ ప్రేక్షకుడు. ఈ సంగతి ఎవరూ పట్టించుకోవడం లేదు కాబట్టి నేనే రాయాల్సి వస్తోంది. ఒకప్పుడు ఆడవాళ్ల మ్యాచ్ మొదలవగానే హాయిగా లేచి వెళ్లి, పాప్‌కార్న్ కొనుక్కుని, తీరిగ్గా వచ్చి కూర్చునేవాళ్లం. అభిమానుల భాషలో దాని పేరే బాత్రూం బ్రేక్. కంపెనీ కూడా మన అవసరాన్ని గుర్తించి ఆ మ్యాచ్‌ని చిన్నదిగా ఉంచేది. 2008లో వాళ్లకంటూ ఒక కొత్త ఛాంపియన్ బెల్టు చేయించి, దాని మీద గులాబీ రంగు సీతాకోకచిలుకని పెట్టింది. కొట్టుకునేవాళ్లకి ఇంతకన్నా తగిన గుర్తు ఎవరికి తడుతుంది?

ఆ స్వర్ణయుగం పతాక స్థాయికి చేరింది 2015 ఫిబ్రవరి 23న. వారం వారం టీవీలో వచ్చే 'రా' షోలో బెల్లా కవలలు ఒకవైపు, పేజ్, ఎమ్మా మరోవైపు. మ్యాచ్ సుమారు 30 సెకన్లలో అయిపోయింది. అంటే మనిషికి ఏడున్నర సెకన్లు. ఇంత సమర్థంగా పని ముగించే వ్యవస్థ ప్రపంచంలో మరొకటి ఉందా? కానీ కృతజ్ఞత లేని జనం 'గివ్ దివాస్ ఎ ఛాన్స్' (అప్పట్లో ఆడ కుస్తీవాళ్లని కంపెనీ 'దివాస్' అనేది) అంటూ ట్విట్టర్‌ని హోరెత్తించారు.

వాళ్ల వాదనలో ఒక చిక్కు ఉంది. నిజం కుస్తీ అయితే ఆడవాళ్లలో దమ్ము చాల్లేదని చెప్పి మనం తప్పించుకోవచ్చు. ఇది రాసుకున్న ఆట. ఎవరు గెలవాలో, ఎన్ని నిమిషాలు ఆడాలో ముందే కాగితం మీద ఉంటుంది. ఆ 30 సెకన్లని ఎవరి కండలూ తేల్చలేదు, ఆఫీసులో కూర్చుని ఎవరో రాశారు. ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు కాబట్టి ముందుకు వెళ్దాం.

చరిత్ర చూస్తే కంపెనీకి ఆడవాళ్లంటే ఎంత గౌరవమో తెలుస్తుంది. ఫాబ్యులస్ మూలా 1956 నుంచి 28 ఏళ్లపాటు ఏకధాటిగా ఛాంపియన్ అని కంపెనీ రికార్డు. మధ్యలో కొందరి చేతిలో ఓడింది గానీ, అలాంటి చిల్లర విషయాలు రికార్డుల్లోకి ఎక్కవు. 1984 జూలైలో ఎంటీవీ ప్రసారం చేసిన మ్యాచ్‌లో వెండీ రిక్టర్ ఆమెని ఓడించి పెద్ద పేరు తెచ్చుకుంది. పేరొచ్చాక డబ్బు విషయం మాట్లాడింది. పేచీ వచ్చింది. 1985 నవంబర్ 25న న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో 'స్పైడర్ లేడీ' అనే ముసుగు మనిషి ఎదురైంది. రిక్టర్ భుజం లేపింది, అంటే లెక్క ఆగిపోవాలి, అయినా రిఫరీ మూడు లెక్కపెట్టేసి ఆమె ఓడిందన్నాడు. ముసుగు లాగితే లోపల మూలా! జీతం పెంచమన్న ఉద్యోగికి అప్రైజల్ ఇంత వేగంగా ఇచ్చిన కంపెనీని నేనైతే చూడలేదు.

ఇక చైనా సంగతి. దేశం కాదు, మనిషి. 1999 అక్టోబర్‌లో ఆమె జెఫ్ జారెట్‌ని ఓడించి, అప్పటిదాకా మగవాళ్లకే పరిమితమైన ఇంటర్‌కాంటినెంటల్ టైటిల్ గెలిచింది. ఆ మహత్తర ఘట్టానికి కంపెనీ ఎంచుకున్న మ్యాచ్ పేరు 'గుడ్ హౌస్‌కీపింగ్'. ఆయుధాలన్నీ ఇంటి సామానే. ఒక దశలో జారెట్ ఆమెని బెల్టుతో కొట్టి గెలిచేశాడు. బెల్టు ఇంటి సామాను కాదని రిఫరీ ధర్మసూక్ష్మం చెప్పి ఆట మళ్లీ మొదలెట్టించాడు. అప్పుడు చైనా గిటార్‌తో అతని నెత్తి పగలగొట్టి గెలిచింది. గిటార్ ఇంటి సామాను ఎలా అయిందని మాత్రం ఎవరూ అడగలేదు. మా వంటింట్లో పోపుల డబ్బా పక్కన వెతికాను, కనపడలేదు.

మళ్లీ 2015కి వద్దాం. జనం గోల పెట్టిన ఐదు నెలలకి, జూలై 13న, విప్లవం వచ్చింది. విప్లవమంటే అడవుల్లోంచి వస్తుందని తెలుగువాళ్ల నమ్మకం. ఇక్కడ మాత్రం యజమాని కూతురు స్టెఫనీ మెక్‌మాన్ స్వయంగా మైకు పట్టుకుని ప్రారంభోత్సవం చేసింది. షార్లెట్, బెకీ లించ్, సాషా బ్యాంక్స్‌ని వేదిక మీదికి పిలిచి పరిచయం చేసింది. ఇన్నాళ్లూ తలుపు మూసి ఉంచినవాళ్లే, తెరిచినందుకు చప్పట్లు కొట్టించుకున్నారు. నాలాంటి సంప్రదాయవాదికి ఈ పద్ధతి ఎంతో నచ్చింది.

ఆ తర్వాత ప్రతిదీ చారిత్రాత్మకమే. సీతాకోకచిలుక బెల్టు 2016లో రిటైరైంది. 2018 అక్టోబర్ 28న అందరూ ఆడవాళ్లే ఉన్న 'ఎవల్యూషన్' షో జరిగింది. సరిగ్గా ఐదు రోజులకి సౌదీలోని రియాద్‌లో ఆడవాళ్ల మ్యాచ్ ఒక్కటి కూడా లేని షో జరిగింది. చరిత్రకి విమాన టికెట్ దొరకలేదేమో. మరుసటి ఏడు అదే రియాద్‌లో నటాల్యా, లేసీ ఎవన్స్ ఒళ్లంతా కప్పే దుస్తుల మీద టీషర్టులు కూడా వేసుకుని తలపడ్డారు. కంపెనీ దాన్నీ చారిత్రాత్మకమనే అంది. నిజానికి అక్కడి స్టేడియంలో కూర్చున్న ఆడపిల్లలకి అది అలాగే అనిపించి ఉంటుంది, ఆ ఒక్క విషయంలో నేను వెక్కిరించలేను.

నా అసలు బాధ 2019 ఏప్రిల్ 7. న్యూజెర్సీలో రెసిల్‌మేనియా 35, అంటే కంపెనీ ఏటా జరిపే అతిపెద్ద షో. ప్రీషోతో కలిపి ఏడు గంటలు దాటిన షోలో చివరి మ్యాచ్ ముగ్గురు ఆడవాళ్లది: బెకీ, షార్లెట్, రోండా రౌసీ. అయిపోయేసరికి అక్కడ అర్ధరాత్రి దాటింది, మనకి సోమవారం పొద్దున ఆఫీసులో లాగిన్ అయ్యే వేళ. బెకీ గెలిచింది. ఆమె తనని తాను 'ది మ్యాన్' అని పిలుచుకుంటుంది. మా బిరుదు కూడా పోయింది.

మన సంస్కృతి అయినా ఆపుతుందనుకుంటే, 2017లో హర్యానాకి చెందిన కవితా దేవి సల్వార్ కమీజ్‌లో రింగులో దిగింది. బట్టల మీద అభ్యంతరం చెబుదామని సిద్ధమైన పెద్దలకి మాట పడిపోయింది. మ్యాచ్ ఓడింది గానీ, బట్టల వాదన మాత్రం గెలిచింది. చివరికి 2023 సెప్టెంబర్ 8న గచ్చిబౌలికే వచ్చేశారు. జాన్ సీనా కోసం టికెట్లు కొన్న మన మగవాళ్ల ముందు రియా రిప్లీ, నటాల్యాతో తలపడి టైటిల్ నిలబెట్టుకుంది.

అయితే పూర్తిగా నిరాశపడక్కర్లేదు. అందరూ ఆడవాళ్లే ఉండే రెండో 'ఎవల్యూషన్' షో 2025 జూలై 13న జరిగింది. విప్లవం ప్రకటించి ఆ రోజుకి సరిగ్గా పదేళ్లు. మొదటి షోకీ రెండో షోకీ మధ్య ఆరున్నరేళ్ల పైన పట్టింది. ఈ వేగంతో మూడోది 2032కి వస్తుంది.