తప్తపాణికి ముందే వచ్చిన గంధకం

ఒడిశాలోని బరంపురంలో స్పోర్ట్స్ బైకు కొన్న కుర్రవాడికి దాని ఇంజను సంగతి ఏ మాత్రం తెలుసునో చెప్పలేం గాని, వెనుక టైరు వెడల్పెంతో మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఇంజను ఎవరికీ కనబడదు. పెద్ద బజారు రద్దీలో బండి ఆగినప్పుడల్లా వెనుకవాళ్ళందరి కళ్ళలో పడేది ఆ టైరే. మా మేనల్లుడిది యమహా ఆర్15 మూడో వెర్షను. దానికి కంపెనీ ఇచ్చిన వెనుక టైరు కొలత 140/70-17, అంటే వెడల్పు 140 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 70 శాతం, అనగా 98 మిల్లీమీటర్లు, రిమ్ము వ్యాసం 17 అంగుళాలు. ఉద్యోగం ఛత్రపురంలో కావడం వల్ల, 16వ నంబరు జాతీయ రహదారి మీద తిన్నగా వెళ్ళి తిన్నగా తిరిగి రావడమే తప్ప బండిని ఒరగనిచ్చే అవకాశం లేక, ఆ టైరు నడిమధ్యన అరిగి చదునైపోయి, అంచులు మాత్రం షోరూములో ఉన్నట్టే మిగిలాయి. అలా చదునైన టైరుతో మలుపులోకి వెళితే బండి ముందు ఒరగనని మొరాయించి, ఆ తరువాత ఒక్కసారిగా ఒరిగిపోతుంది. గాడిలో ఉండే అరుగుదల గుర్తు కూడా రబ్బరుతో సమానమైపోయింది కనుక, టైరు మార్చాలన్న విషయంలో ఇంట్లో ఎవరికీ భేదాభిప్రాయం లేదు. ఏ టైరు వేయాలన్న దగ్గరే చర్చ మొదలైంది.

మా బావగారిది అప్పడాల టోకు వ్యాపారం. గాడులు ఎంత లోతుగా, ఎన్ని ఎక్కువగా ఉంటే టైరు అంత గట్టిదనీ, ధర ఎంత తక్కువైతే అంత మంచిదనీ ఆయన సిద్ధాంతం. ఆయన కుమారుడిది సరిగ్గా దానికి తలకిందులు: గాడులు ఎంత తక్కువైతే అంత రేసు టైరు, ధర ఎంత ఎక్కువైతే అంత గౌరవం. ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది, అదే ప్రమాదం. పొడి రోడ్డు మీద గాడులు లేని చోట రబ్బరు ఎక్కువగా ఆనుతుంది; వానలో టైరు కింది నీటిని పక్కకు తరిమేవి ఆ గాడులే. రేసు ట్రాకు కోసం చేసిన మెత్తని రబ్బరు బాగా వేడెక్కితే గాని పట్టు చూపదు, బరంపురానికీ ఛత్రపురానికీ మధ్య లారీల వెనుక నడిచే ప్రయాణంలో వేడెక్కేది నడిపేవాడి తల ఒక్కటే. ఎండకూ వానకూ, ఆఫీసుకూ ఘాటీకీ పనికివచ్చే టైరు కావాలంటే, నడుమ గట్టి రబ్బరు, అంచులకు మెత్తని రబ్బరు ఉండి, తడిలో పట్టు కోసం సిలికా కలిపిన రేడియల్ టైరును, అదీ కంపెనీ చెప్పిన కొలతలోనే తీసుకోవాలని నేను విన్నవించాను. పక్కగోడ మీద 66హెచ్ అని ఉంటుందనీ, అందులో 66 అంటే ఆ టైరు 300 కిలోల బరువు మోయగలదనీ, హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల వేగం తట్టుకోగలదనీ వివరించాను.

"మూడు వందల కిలోలా! అయితే సరుకు బస్తాలు కూడా వేసుకోవచ్చన్నమాట" అన్నారు బావగారు.

"రెండు వందల పదా, మావయ్యా!" అన్నాడు మేనల్లుడు. పెద్ద బజారులో ఆవులు రోడ్డుకు అడ్డంగా పడుకుని నెమరు వేస్తున్నప్పుడు వాడి బండి నడిచే వేగం నాకు తెలుసును కనుక నేను మారు మాట్లాడలేదు.

శనివారం సాయంత్రం వాడు ఎవరికీ చెప్పకుండా స్నేహితుడితో దుకాణానికి వెళ్ళి 160/60 టైరు వేయించుకుని వచ్చాడు. ఆ టైరుకు సాధారణంగా నాలుగున్నర అంగుళాల వెడల్పున్న రిమ్ము కావాలి; ఈ బండి రిమ్ము అంతకంటే ఇరుకైనది. వెడల్పాటి అప్పడాన్ని ఇరుకు డబ్బాలో దూర్చితే నడుమ ఎలా లేస్తుందో, ఆ టైరు కూడా అంచులు నొక్కుకుపోయి నడుమ అలా కూచిగా లేచింది. రోడ్డు మీద ఎక్కువ ఆనుతుందని కొన్న టైరు తిన్నగా వెళ్ళేటప్పుడు పాతదానికంటే తక్కువ ఆనుతుందని ఎంత చెప్పినా, వీధిలోని కుర్రాళ్ళంతా చుట్టూ చేరి వంగి వంగి చూస్తుంటే ఆ మాట ఎవరి చెవికెక్కుతుంది? బండి స్టాండు మీద ఉన్నప్పుడు చైనుకూ టైరుకూ నడుమ ఒక పోస్టుకార్డు పట్టేంత సందుంది. ఆ సందును వాడు నాకు గర్వంగా, నిజంగానే పోస్టుకార్డు పెట్టి చూపించాడు.

మరునాడు బావగారి మోకాళ్ళ నొప్పుల మొక్కు. తప్తపాణిలోని గంధకపు వేడినీటి బుగ్గలో స్నానం చేసి, కంధుణి దేవిని దర్శించుకోవాలి. కొత్త టైరు 300 కిలోలు మోస్తుందన్న ధీమాతో ఆయన కొడుకు వెనుక ఎక్కారు, నేను నా స్కూటరు మీద వెనకాల బయలుదేరాను. కొత్త టైరు పైపొర కొంత దూరం నడిచేదాకా జారుడుగా ఉంటుంది గనుక మొదటి నూరు కిలోమీటర్లు నెమ్మదిగా వెళ్ళమని చెప్పిన మాట ఒక్కటే వాడు విన్నాడు. దిగపహండి దాటి ఘాటీ మొదలయ్యేసరికి సన్నగా వాన పట్టింది. స్టాండు మీద ఖాళీగా ఉన్న బండి వేరు, అప్పడాల వ్యాపారి కూర్చున్న బండి వేరు: బరువుకు వెనుక భాగం కుంగింది, టైరు పొంగింది, పోస్టుకార్డు సందు మాయమైంది. ప్రతి మలుపులోనూ చైను ఆ ఖరీదైన రబ్బరును పక్కనుండి శ్రద్ధగా చెక్కుతూ వచ్చింది.

కాసేపటికి ఘాటైన వాసన లేచింది. బావగారు ఒక్కసారిగా కొడుకు భుజాల మీది చేతులు తీసి, కళ్ళు మూసుకుని దండం పెట్టారు.

"గంధకం వాసన రా! తప్తపాణి వచ్చేసింది, ఆపు, చెప్పులు విప్పాలి!"

తప్తపాణి ఇంకా కొన్ని మలుపుల అవతల ఉంది. అయినా ఆయనను పూర్తిగా తప్పుపట్టడానికి వీల్లేదు. పచ్చి రబ్బరు ఎండకు కారిపోకుండా, చలికి పెళుసెక్కకుండా ఉండాలంటే దానిని గంధకంతో కలిపి కాచాలని 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టాడు. నాటినుండి నేటివరకూ ప్రతి టైరులోనూ గంధకం ఉంది. బావగారు వాసనను సరిగ్గానే గుర్తుపట్టారు. అది కొండ గర్భంలోంచి కాక కొడుకు టైరులోంచి వస్తున్నదని తెలియదు, అంతే. బండి ఆపి చూస్తే ఎడమ పక్కన చైను ఒక కొత్త గాడి తవ్వి ఉంది. గాడులు ఎక్కువుండాలన్న బావగారి కోరిక ఆ విధంగా నెరవేరింది.

మోహన వైపు నుండి బరంపురానికి మొక్కజొన్న బస్తాలతో వస్తున్న ఒక వ్యాను మా బండిని ఎక్కించుకుంది. బస్తాల మధ్య తాళ్ళతో కట్టిన తన బండి పక్కన కూర్చుని మేనల్లుడు ఒక్క మాట కూడా మాట్లాడలేదు. డ్రైవరు మాత్రం దారి పొడవునా, ఎంత వెడల్పు టైరో అని మెచ్చుకుంటూనే వచ్చాడు.

ఈసారి దుకాణానికి ముగ్గురం కలిసి వెళ్ళాం. దుకాణదారు పై అరలోంచి దుమ్ము దులిపి 140/70 రేడియల్ ఒకటి తెచ్చి ముందుంచాడు. పక్కగోడ మీద అండాకారపు గడిలో 2319 అని ముద్రించి ఉంది. అది 2019లో 23వ వారం తయారైన టైరు, సరుకు పాతబడిపోయింది, వద్దని నేను నోరు తెరిచేలోపే బావగారు ఆ అంకెను వేలితో తడిమి, "రెండు వేల మూడు వందల పందొమ్మిదా? మరీ ఎక్కువ. తగ్గించి చెప్పు" అన్నారు. దుకాణదారుకు ఏమీ అర్థం కాలేదు. కొత్త సరుకు చూపించమని నేను అడిగాను. అతడు లోపలికి వెళ్ళి, అదే కొలతలో 1124 అని ముద్ర ఉన్న టైరు తెచ్చాడు. 2024లో పదకొండో వారానిది.

బావగారి ముఖం వెలిగిపోయింది. "చూశావా? బేరమంటే అదీ! ఒక్క మాటతో సగానికి దించాను" అని నావైపు తిరిగి, పదకొండు వందల రూపాయలు లెక్కపెట్టి బల్ల మీద పెట్టి, మిగిలిన ఇరవై నాలుగు కోసం చొక్కా జేబు వెదకసాగారు.

"ఆగ్యా, అది ధర కాదు..." అన్నాడు దుకాణదారు.

"మాట మార్చకు. అచ్చువేసిన ధర మీద ఒక్క పైసా ఇవ్వను" అన్నారు బావగారు.

మేనల్లుడు ఆ సమయంలో టైరు తిరగవలసిన దిక్కును చూపే బాణం గుర్తును అత్యంత ఏకాగ్రతతో పరిశీలిస్తున్నాడు.