మా పడవలోని కాలిపంపు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ కాలిపంపు గారికి నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే గాని, తమరు గ్యారేజీలో బకెట్ పక్కన బోర్లా పడి ఉన్నారు, నేను నడుము పట్టేసి మంచం మీద ఉన్నాను కనుక ఆ మాట ఇద్దరిలో ఎవరికీ చెల్లదు.

పెద్దలకు పాదసేవ చేయడం ఎరుగుదుము. పాదంతో సేవ చేయించుకునే పెద్దలు తమరొక్కరే. అమెరికాలోని చెసపీక్ బే అనే అఖాతంలో తిరిగే మా 30 అడుగుల తెరచాప పడవలో, వంటగది సింకు కింద నేలమట్టంగా ఆసీనులై, నేను తొక్కితే లోపలి రబ్బరు పొరను అదిమి కుళాయికి నీరు పంపడం, కాలు తీస్తే స్ప్రింగు బలంతో ట్యాంకు నుంచి మరో గుక్క లాక్కోవడం, లాగిన నీరు వెనక్కి జారకుండా రెండు కవాటాలతో కాపలా కాయడం, ఇంతే తమ ఉద్యోగం. బ్యాటరీ అడగరు. కాలు ఆగితే నీరు ఆగుతుంది కనుక, పళ్లు తోముకుంటూ కుళాయి కట్టడం మరిచే మా అబ్బాయి ఉన్నా ట్యాంకు వారాంతమంతా నిలిచేది. పడవ ఒరిగినప్పుడు ఒక చేత్తో కమ్మీ, మరో చేత్తో గిన్నె పట్టుకుని కాలితో నీళ్లు తెప్పించుకునే సుఖం, పద్యనాటకాల్లో కాలి హార్మోనియం వాయించినవారికి కాస్త అర్థం కావచ్చు.

అటువంటి తమరు నిరుడు వేసవిలో అలిగారు. పది తొక్కులకు వచ్చే నీరు ఇరవైకి వచ్చింది, ఆ పైన యాభై తొక్కినా బుస్సుమని గాలే వచ్చింది. మా ఊరి పాత బోరింగు నోట్లో చెంబెడు నీళ్లు పోసి బతిమాలినట్లే తమ గొట్టంలోనూ పోశాను. పోసినదంతా నిజాయితీగా కుళాయికి అప్పగించి మళ్లీ మౌనం దాల్చారు. వాతావరణ పీడనం నీటిని సుమారు 10 మీటర్లు ఎత్తగలదని చదువుకున్నాం, తమకూ ట్యాంకుకూ మధ్య ఉన్నది మూరెడు!

"ట్యాంకు వైపు గొట్టం ఒకసారి చూడండి" అంది మా ఆవిడ. ఆమె సివిల్ ఇంజనీరు, నేను లెక్కలు రాసుకునేవాణ్ణి. అయినా పడవ విషయంలో నా తీర్పే చెల్లాలి కనుక కొత్త పంపు తెప్పించాను.

గంట పని అనుకున్నాను. సింకు కింది అరలో తలదూర్చి, నోట్లో టార్చి కరచుకుని, వెల్లకిలా పడుకుంటే మూడు మరలు వచ్చాయి; నాలుగోది చెయ్యి పట్టని మూలలో తుప్పు పట్టి కూర్చుంది. ఏళ్ల తరబడి మిమ్మల్ని అంటిపెట్టుకున్న గొట్టం వేడినీళ్లకూ లొంగకపోతే, బ్లేడుతో నిలువునా చీల్చి ఊడదీశాను. చీల్చిన ముక్క కోసేస్తే రెండంగుళాలు పొట్టిదై కొత్త పంపును అందుకోలేదు. ఆ కొత్తవారి రంధ్రాలు మీ రంధ్రాలతో కలవనూ లేదు. రెండు రోజుల తరువాత బిగింపు పూర్తయి, కుటుంబమంతా చూస్తుండగా తొక్కితే, బుస్సుమని గాలి.

అప్పుడు చూశాను ట్యాంకు వైపు గొట్టం. క్లిప్పు కింద వెంట్రుకవాసి చీలిక ఉంది. ట్యాంకు అంతకన్నా దిగువన ఉన్నందున ఆ చీలికలోంచి చుక్క కారదు, పంపు గుక్క లాగినప్పుడల్లా గాలి మాత్రం దూరుతుంది. ఆ ముక్క మార్చాక నీరు వచ్చింది.

నిన్న రాత్రి అందరూ పడుకున్నాక తమకొక కొత్త గొట్టం తగిలించి, దాని కొస బకెట్‌లో ముంచి తొక్కాను. మూడో తొక్కుకే గ్యారేజీ గోడ తడిసింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. తమరూ చెప్పవద్దని ప్రార్థన.

ఇట్లు,
ప్రస్తుతం వంగలేని విధేయుడు