తలపాగాతో పోలేదు

బాత్‌రూములో కాలు జారి పడిన పెద్దాయనకు పైకి గాయమేమీ కనిపించకపోతే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. తలకు వచ్చింది తలపాగాతో పోయిందనుకుంటారు. మూడు వారాలు గడిచేసరికి ఆయన నడక తూలుతుంది, పగలంతా మగతగా ఉంటారు, మాట తడబడుతుంది. అప్పుడు ఇంట్లో వినిపించే మాట ఒక్కటే: ‘వయసు మీద పడింది కదా!’

ప్రాణం మీదికి తెచ్చేది ఈ మాటే. వయసు పెరిగేకొద్దీ మెదడు కాస్త కుంచించుకుపోతుంది. పుర్రెకూ దానికీ మధ్య ఖాళీ పెరిగి, అక్కడి సన్నని సిరలు సాగి ఉంటాయి. చిన్న దెబ్బకే చిట్లుతాయి. రక్తం కొద్దికొద్దిగా చేరుతూ, కొన్ని వారాలకు మెదడును నొక్కడం మొదలుపెడుతుంది. గుండె జబ్బు కోసం రక్తం పలచబడే మందులు వాడేవారికి ఈ ముప్పు మరీ ఎక్కువ. సీటీ స్కాన్ తీస్తే విషయం బయటపడుతుంది. పుర్రెకు చిన్న రంధ్రం చేసి ఆ రక్తం తీసేస్తే చాలామంది తేరుకుంటారు. మతిమరుపు అని మూల కూర్చోబెట్టినవారిలో ఇలాంటివారు కొందరైనా ఉండరా?

ఇక బయటపడినవారి సంగతి. గండం గడిచిందని ఊరంతా అంటుంది, వెంకన్నకు మొక్కు కూడా తీరుతుంది. అలా బయటపడిన ఓ పెద్దావిడకు మాత్రం పోపు మాడుతున్నా వాసన తెలియదు. తలకు దెబ్బ తగిలినప్పుడు వాసన చూసే నాడులు తెగితే అంతే. పప్పులో ఉప్పు వేసిందీ లేనిదీ గుర్తుండదు. అందుకే వేసిన వెంటనే ఉప్పు డబ్బాను పొయ్యికి ఈ పక్కనుంచి ఆ పక్కకు జరుపుతుంది. కోడలి కంటికి అది చాదస్తం. నిజానికి తన బుర్ర ఎక్కడ మొరాయిస్తోందో కనిపెట్టి, దానికి తానే వేసుకున్న కట్టు అది.

ఇలాంటివారి లెక్కలో బతుకు రెండు ముక్కలు: పడకముందు, పడ్డాక. పడుచువాళ్లకైతే మళ్లీ ఉద్యోగంలో చేరాలన్న గురి ఉంటుంది. డెబ్బై దాటినవారిని తొలిచే ప్రశ్న వేరు. పోయినదాంట్లో వయసు పట్టుకెళ్లింది ఎంత, దెబ్బ పట్టుకెళ్లింది ఎంత? భర్త పోవడం, కీళ్లనొప్పులు, చూపు మందగించడం చూసినవారు కొందరు దీన్నీ ఆ వరుసలోనే చేర్చేసుకుంటారు. అది ఓటమి అని మేము అనుకోవడం లేదు. కానీ ఆ సర్దుబాటు చూపించి చికిత్స మానేయడం అన్యాయం.

2024 అక్టోబరులో ఆయుష్మాన్ భారత్‌ను 70 ఏళ్లు నిండినవారందరికీ వర్తింపజేశారు, మంచిదే. అయితే అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవారి వైద్యానికి. ఇంటికి వచ్చాక 15 రోజుల ఖర్చు వరకే చూస్తుంది. మాట, నడక, జ్ఞాపకం మళ్లీ కూడదీసుకోవడానికి పట్టేది నెలలు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం పేర్కొన్న 21 వైకల్యాల్లోనూ తల గాయానికి విడిగా చోటు లేదు. దాని వల్ల పోయిన చేయికో మాటకో సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. వాసన తెలియనందుకు, ఉప్పు గుర్తులేనందుకు ఎవరిస్తారు?

మాట, నడక నేర్పే శిక్షకులు జిల్లా ఆసుపత్రిలో వారానికి ఒక రోజైనా ఈ పెద్దల కోసం కూర్చోవాలి. ఇప్పుడు డాక్టరు గదిలో ప్రశ్నలన్నీ కొడుక్కే వెళ్తున్నాయి. పక్క కుర్చీలో ఆవిడ గోడమీది క్యాలెండరు చూస్తూ ఉంటుంది. మొదటి ప్రశ్న ఆవిడనే అడగాలి, జవాబు రావడానికి ఎంతసేపు పట్టినా సరే.