జాలాకారం, సమాంతరం, రెండు మార్కులు... అంతేనా?

ఆకు ఈనెల గురించి మన బళ్లో చెప్పేది ఎంత? మామిడి, రావి అయితే జాలాకార ఈనెల వ్యాపనం, అంటే వలలా అల్లుకున్న ఈనెలు. వరి, మొక్కజొన్న అయితే సమాంతరం. బొమ్మ గీసి పేర్లు రాస్తే రెండు మార్కులు. మా అబ్బాయి నోట్సు చూస్తే ఇప్పటికీ అదే వరస. అసలు ఆ వల ఎందుకు అల్లుకుందన్న ప్రశ్న మాత్రం ఎక్కడా లేదు.

ఇంకోపక్క ఆకుల క్లోజప్ ఫొటోలు పెట్టి "ప్రకృతి ఎంత పొదుపరో" అని మురిసిపోయేవాళ్లు. పొదుపు ఎక్కడండీ? నీళ్లు పారించడమొక్కటే పనయితే నడి ఈనె నుంచి పాయలు పాయలుగా చీలిపోతే సరిపోయేది. చీలినవాటిని మళ్లీ ఒకదానితో ఒకటి కలిపి గళ్లు గళ్లుగా అల్లడం దుబారా ఖర్చే. ఈనె కట్టాలంటే చెట్టుకు కార్బన్ కావాలి. పైగా ఈనె ఎంత మేర ఆక్రమిస్తే ఆహారం తయారుచేసే పచ్చటి కణాలకు అంత చోటు తగ్గుతుంది.

అయినా చెట్టు ఆ ఖర్చుకు ఎందుకు ఒప్పుకుంది? ఆకును పురుగు కొరుకుతుంది కాబట్టి. 2010లో భౌతిక శాస్త్రవేత్తలు ఎలెనీ కటిఫోరి, మార్సెలో మాగ్నాస్కో బృందం లెక్కలు కట్టి ఇదే చూపించింది. ఎక్కడో ఓ చోట తెగుతుందని ముందే అనుకుని లెక్క వేస్తే, గళ్లున్న అల్లికే మేలని తేలుతుంది. నిమ్మాకు నడి ఈనెకు బెజ్జం పెట్టి మెరిసే రంగు ఎక్కిస్తే, మెయిన్ రోడ్డు తవ్వేసినప్పుడు మనం సందుల్లోంచి పోయినట్టు, ఆ రంగు చిన్న ఈనెల గుండా చుట్టు తిరిగి అవతలికి చేరింది. గింకో అనే చైనా చెట్టు ఆకులో ఈనెలు చీలడమే తప్ప దాదాపుగా మళ్లీ కలవవు. అక్కడ తెగితే ఆ పై భాగానికి నీరు అందదు.

అలాగని అంతా పురుగుల పుణ్యమే అంటే నేను ఒప్పుకోను. గింకోను పురుగులు పెద్దగా ముట్టవు, దాని రసాయనాలే దానికి కాపలా, నిజమే. కానీ వాతావరణం సంగతీ ఉంది. ఎండలో ఆకు రంధ్రాలు తెరిస్తే నీరు ఆవిరవుతుంది, పోయినంత నీరూ వెంటనే అందాలంటే ఈనెలు దగ్గర దగ్గరగా ఉండాలి. పూల మొక్కల ఆకుల్లో సగటున ఒక చదరపు మిల్లీమీటరులో దాదాపు 8 మిల్లీమీటర్ల ఈనె ఉంటుంది, మిగతా మొక్కల్లో సగటున దాదాపు 2. కరువులో ఈనెలో గాలి బుడగ ఇరుక్కుని దారి మూసుకుపోయినా ఆదుకునేది మళ్లీ ఆ అల్లికే. ఒకే వల రెండు ఆపదలకూ పనికొస్తున్నప్పుడు, అది ఎవరి కోసం పుట్టిందని వాదించుకోవడం నాకైతే అనవసరం అనిపిస్తుంది.

నాకు బాగా నచ్చేది పురుగు తెలివి. జిల్లేడు కుటుంబం మొక్కల్లో పాలు ఈనెల వెంబడే పారతాయి. ఆ పాలు నోటికి అంటుకుంటే పురుగు పని అయిపోతుంది. అందుకని అమెరికాలో మోనార్క్ సీతాకోకచిలుక గొంగళిపురుగు ముందు నడి ఈనెను కొరుకుతుంది. పాలు అక్కడే కారిపోతాయి. అప్పుడు కోతకు అవతల, కొసవైపు, తాపీగా తింటుంది. డుసూర్డ్, ఐస్నర్ అనే శాస్త్రవేత్తలు 1987లోనే ఈ ఈనెల కోత గురించి రాశారు. పాల గొట్టాలు వలలా అల్లుకున్న మొక్కల మీద ఈ ఎత్తు పారదు, ఎక్కడ కోసినా పక్కనుంచి పాలు వచ్చేస్తాయి. అక్కడి పురుగులు ఆకుకు అడ్డంగా ఈ చివర నుంచి ఆ చివర దాకా గాడి కొడతాయి! ఇంత కథ ఉన్న ఆకును పిల్లలకు ఒక పట్టికలో రెండు గడులుగా చూపిస్తున్నాం.

వాతావరణ మార్పు పాఠం విడిగా, ఇంకో యూనిట్‌లో ఉంటుంది, కానీ రెండూ ఆకు మీదే కలుస్తాయి. అమెరికాలోని వ్యోమింగ్ రాష్ట్రం, బిగ్‌హార్న్ బేసిన్‌లో దొరికిన శిలాజ ఆకుల్ని శాస్త్రవేత్త ఎలెన్ కురానో బృందం పరిశీలించింది. సుమారు 5.6 కోట్ల ఏళ్ల కిందట భూమి వేడెక్కినప్పుడు ఆకుల మీద పురుగుల కాట్లు బాగా పెరిగాయని 2008లో చెప్పింది. ఆ శిలాజాల ఫొటో ఒకటి ఈనెల పాఠం పక్కనే అచ్చేస్తే ఎంత ఖర్చవుతుందట?